కోఠిలో డిగ్రీ సీటు వచ్చిన అమ్మాయికి నెలకు ఎనిమిది వేల లోపు హాస్టల్

అన్నగారూ, అన్నిటికంటే ముందు ఆ ఐదు వేలు పంపకండి. మిగతా విషయాలు తర్వాత చెప్తాను.

మీరు రాసిన వివరాలు ఇవి. మీది మణుగూరు. మీ అమ్మాయికి డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో కోఠి మహిళా యూనివర్సిటీలో డిగ్రీ సీటు వచ్చింది. క్యాంపస్ హాస్టల్ దొరుకుతుందో లేదో తెలియదు. అన్నీ కలిపి నెలకు రూ.8,000 మించి పెట్టలేరు. సిటీలో మీకు దగ్గరివాళ్లు లేరు. ఎవరో ఫోన్‌లో ఫొటోలు పంపి, "బెడ్లు అయిపోతున్నాయి, ఐదు వేలు ఫోన్‌పే చేస్తే ఆపుతా" అంటున్నాడు. పంపాలా వద్దా అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్తాను. నేనూ జిల్లా నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకున్నదాన్నే. అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే మా కాలేజీ పిల్లల తల్లిదండ్రులు ఇదే ప్రశ్నతో వస్తారు, వాళ్లతో కలిసి హాస్టళ్లు చూడ్డానికి కూడా వెళ్తుంటాను. అలా చూస్తూ వచ్చిన దాన్ని బట్టి చెప్తున్నాను: హైదరాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో బెడ్ దొరకకపోవడమంటూ ఉండదు. జూన్ నుంచి ఆగస్టు దాకా గిరాకీ ఉంటుంది, నిజమే. కానీ అదే వీధిలో ఇంకో నాలుగు బోర్డులు ఉంటాయి. "అయిపోతున్నాయి" అన్న మాటకు కంగారుపడి కళ్లతో చూడని చోటికి డబ్బు పంపాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. ఆ ఫోన్ మనిషి నిజంగా హాస్టల్ నడిపేవాడే అయినా, మీరు వచ్చి చూసి కడతానంటే కాదనడు. కాదన్నాడంటే వదిలేయండి.

గదులు, ఫ్లాట్ల విషయంలో ఇంకో మోసం ఉంది. నేను ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, ఇల్లు ఖాళీగా ఉంది అంటాడు, యూనిఫాంలో ఉన్న ఐడీ కార్డు ఫొటో పంపుతాడు, అద్దె కూడా తక్కువ చెప్తాడు. తర్వాత "ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, మీ డబ్బు మీకే తిరిగి వస్తుంది" అంటాడు. డబ్బు తీసుకోవడానికి క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అసలే లేదు. ఎవరైనా ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సైబర్ నేరాలకు దేశమంతటా ఉన్న నంబర్ అది. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బును ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

ఇక మీ అమ్మాయి సంగతి. ప్రైవేటు హాస్టల్ కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి క్యాంపస్ హాస్టల్. సీటు కన్ఫర్మ్ చేసుకోవడానికి కాలేజీకి రిపోర్ట్ చేసే రోజే హాస్టల్ ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. దూరపు జిల్లాల పిల్లలకు అవసరం ఎక్కువని అక్కడివాళ్లకూ తెలుసు, మీ ఊరు ఎంత దూరమో దరఖాస్తులోనే రాయండి. మొదటి లిస్టులో పేరు లేకపోతే వదిలేయకండి. చేరినవాళ్లలో కొందరు దోస్త్ తర్వాతి విడతల్లో వేరే కాలేజీకి మారతారు, కొందరికి ఇంజనీరింగ్‌లో సీటు వస్తుంది, మధ్యలో ఖాళీలు అవుతాయి. వారానికోసారి మీ అమ్మాయే వెళ్లి అడగాలి. మీరు మణుగూరు నుంచి ఫోన్ చేస్తే ఆ పని అవ్వదు.

రెండోది సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీ శాఖలకు సిటీలో డిగ్రీ, పీజీ అమ్మాయిల కోసం విడిగా హాస్టళ్లున్నాయి. మీ కుటుంబం వీటికి అర్హులో కాదో మీరు రాయలేదు కాబట్టి చెప్తున్నాను. వీటిలో తిండికి పిల్లలు డబ్బు కట్టరు. ఇంటర్ నుంచి పీజీ దాకా పిల్లల భోజనానికి ప్రభుత్వం ఇచ్చే డైట్ చార్జీలను 2024లో నెలకు రూ.1,500 నుంచి రూ.2,100కు పెంచారు. కుల ధ్రువీకరణ పత్రం, ఈ ఏడాది ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్, సీటు అలాట్‌మెంట్ కాగితం, కాలేజీ బోనఫైడ్ (అక్కడ చదువుతున్నట్టు ఇచ్చే సర్టిఫికెట్) పట్టుకెళ్లండి. ఆదాయం కాగితం మణుగూరులోనే మీసేవలో తీయించుకుని రండి. సిటీకి వచ్చాక దాని కోసం వెనక్కి వెళ్లడమంటే రెండు రోజులు పోయినట్టే. వసతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కొన్ని బాగుంటాయి, కొన్నింట్లో బాత్రూంల దగ్గర క్యూ. అయినా నెలకు ఆరేడు వేలు మిగులుతుంటే మూడేళ్లలో అదెంత అవుతుందో మీరే లెక్క వేయండి. అర్హత ఉంటే నా సలహా సూటిగా ఇదే: ప్రైవేటు వైపు చూడకండి.

కుల సంఘాలు, ట్రస్టులు నడిపే హాస్టళ్లు కూడా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. ఈ పద్ధతి సిటీలో వందేళ్లకు పైగా ఉంది. జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు ఉండే చోటు లేదని ఆ తర్వాత సిటీ కొత్వాల్ (పోలీసు అధిపతి) అయిన రాజా బహదూర్ వెంకట్రామరెడ్డి 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించారు, నారాయణగూడలో ఆయన పేరుతోనే మహిళా కళాశాల ఉంది. తర్వాత మిగతా సంఘాలూ పెట్టుకున్నాయి. కాచిగూడలోనే వైశ్య హాస్టల్, మున్నూరు కాపు హాస్టల్ లాంటివి ఉన్నాయి. చాలావాటిలో సొంత సంఘం పిల్లలకే మొదటి అవకాశం. అబ్బాయిలకు మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. మీ సంఘానికి ఆడపిల్లల హాస్టల్ ఉందేమో కొత్తగూడెంలో, ఖమ్మంలో ఉండే సంఘం పెద్దలను అడగండి. వాళ్ల చేత ఒక ఉత్తరం రాయించుకుంటే పని తేలికవుతుంది. ఫీజు ప్రైవేటు కంటే బాగా తక్కువ ఉంటుంది.

ఇవేవీ కుదరకపోతే ప్రైవేటు లేడీస్ హాస్టల్. ఇక్కడ అందరూ చేసే పని నెల ఫీజు ఎంత అని అడిగి, తక్కువ చెప్పిన చోట చేర్చడం. ఆ లెక్క సరిపోదు. నెలకు మొత్తం ఎంత పోతుందో చూడాలి, అందులో పెద్ద తేడా తెచ్చేది మధ్యాహ్నం బాక్స్.

ఎలాగో చెప్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోర్ షేరింగ్ (గదికి నలుగురు) రూ.5,800కు దొరికిందనుకోండి. పొద్దున టిఫిన్, రాత్రి భోజనం పెడతారు. మధ్యాహ్నం కూడా వండుతారు, కానీ వంట అయ్యేసరికి పన్నెండు దాటుతుంది, మీ అమ్మాయి ఎనిమిదిన్నరకే బయల్దేరాలి. అంటే మధ్యాహ్నం బయట తినాలి. రోజుకు రూ.70 చొప్పున నెలలో ఇరవై నాలుగు రోజులకు దాదాపు రూ.1,700. ఐదు వేల ఎనిమిది వందలు కాస్తా ఏడున్నర వేలయింది. అదే బర్కత్‌పురాలో రూ.6,800 అడిగి పొద్దున ఎనిమిదికల్లా బాక్స్ కట్టిచ్చే హాస్టల్ ఉంటే అదే చౌక. పైగా పిల్ల వేళకు అన్నం తింటుంది. చాలామంది ఆడపిల్లలు డబ్బులు మిగులుతాయని మధ్యాహ్నం తినడం మానేస్తారు. రెండో సెమిస్టర్ వచ్చేసరికి నీరసం, తలనొప్పి అంటూ క్లాసులో కూర్చోలేరు. నేను ఏటా చూస్తున్నాను. అందుకే హాస్టల్‌కు వెళ్లగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: "పొద్దున ఎన్నింటికి బాక్స్ ఇస్తారు?" ఓనర్‌ను అడిగితే "ఇస్తామండి" అంటారు. అక్కడ ఉండే పిల్లల్ని అడగండి.

బస్సు ఖర్చు మాత్రం మీకు కలిసొస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. మీ అమ్మాయి ఆధార్‌లో అడ్రస్ తెలంగాణదే కాబట్టి కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. (ఇది చదివే ఆంధ్ర తల్లిదండ్రులకు: మీ ఆధార్‌తో ఇక్కడ ఇది వర్తించదు. పాస్ తీసుకోవాలి, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.) ఇంటికి వచ్చేటప్పుడు సూపర్ లగ్జరీ ఎక్కితే టికెట్ కొనాలి. మెట్రో రైలు ఉచితం కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌కు రోజూ రానూపోనూ యాభై రూపాయల చుట్టుపక్కల అవుతుంది, నెలకు వెయ్యి దాటిపోతుంది. వానాకాలంలోనో, పరీక్షల రోజునో ఎక్కితే సరే.

ఏరియాల విషయానికొస్తే, ఊళ్లో అందరికీ తెలిసిన పేరు అమీర్‌పేట. హాస్టల్ అనగానే అక్కడికే వెళ్తారు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్‌లు సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునేవాళ్లతో నిండి ఉంటాయి. రోజంతా రద్దీ, మీ అమ్మాయి కాలేజీకి దూరం కూడా. ఆమెకు సరిపడేవి కాచిగూడ, బర్కత్‌పురా, నారాయణగూడ. రెండు మూడు కిలోమీటర్లలో కాలేజీ, కోఠికి ఎప్పుడూ బస్సు ఉంటుంది. చుట్టూ డిగ్రీ కాలేజీలే కాబట్టి ఆ హాస్టళ్లలో ఉండేది ఎక్కువగా ఆమె వయసు పిల్లలే. మొదటి ఏడాది ఇంటికి దూరమైన పిల్లకు పక్క బెడ్‌లో తన ఈడు అమ్మాయి ఉండటం చాలా ముఖ్యం. హిమాయత్‌నగర్ బాగుంటుంది కానీ రేటు ఎక్కువ. కోఠి, బడీచౌడీల్లో నడిచి వెళ్లేంత దగ్గరలో కొన్ని ఉన్నాయి. పాత బిల్డింగులు, కింద షాపులు, సాయంత్రం జనం. చూసి నిర్ణయించుకోండి. చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లు పోటీ పరీక్షలవాళ్ల ఏరియా. సిటీ సెంట్రల్ లైబ్రరీ అక్కడే ఉంది, చదువుకునే వాతావరణం ఉంటుంది. గ్రూప్స్ నోటిఫికేషన్ వస్తే మాత్రం బెడ్లకు గిరాకీ పెరిగి రేట్లూ పెరుగుతాయి. డబ్బు మరీ ఇబ్బందైతే మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వరుస. అక్కడ హాస్టళ్లు ఎక్కువ కాబట్టి బేరం కుదురుతుంది. కోఠికి బస్సులు వెంటవెంటనే ఉంటాయి, పొద్దున ఫుట్‌బోర్డు దాకా నిండి ఉంటాయి.

నేను ఈ మధ్య చూసిన రేట్లు చెప్తాను. ఈ ఏరియాల్లో ఫోర్ షేరింగ్ సుమారు రూ.5,500 నుంచి 7,000, త్రీ షేరింగ్ దానికంటే ఓ వెయ్యి ఎక్కువ, టూ షేరింగ్ రూ.8,000 పైనే. మీ బడ్జెట్‌కు ఫోర్ షేరింగ్ అనుకుని రండి. గదిలో నలుగురా ఐదుగురా అన్నదానికంటే ఎంతమందికి ఒక బాత్రూం అన్నది చూడండి. అటాచ్డ్ ఉండి నలుగురికి ఒకటంటే బాగున్నట్టే. ఫ్లోర్ మొత్తానికి రెండంటే పొద్దున కాలేజీకి లేటు ఖాయం.

మీరు, మీ అమ్మాయి ఇద్దరూ రండి. ముందే ఏ హాస్టల్నీ ఖాయం చేసుకోకండి. చాలా లేడీస్ హాస్టళ్లలో రోజువారీ లెక్కన ఉండనిస్తారు, తిండితో కలిపి రోజుకు నాలుగైదు వందలు తీసుకుంటారు. అమ్మాయిని ఒకదాంట్లో రెండు మూడు రోజులు ఉంచండి, మీరు ఎంజీబీఎస్ బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగండి. ఆ హాస్టల్ నచ్చితే అక్కడే నెలకు మాట్లాడుకోవచ్చు. లేదంటే ఆ రెండు రోజుల్లో మిగతావి చూడొచ్చు. మధ్యాహ్నం పూట వెళ్లి చూస్తే అన్ని హాస్టళ్లూ బాగానే కనిపిస్తాయి, పిల్లలు ఉండరు, వార్డెన్ అప్పుడే తుడిపించి ఉంటుంది. రాత్రి ఎనిమిదికి వెళ్లండి. భోజనాల టైమది. కూర ఎలా ఉందో, చివర వచ్చినవాళ్లకు మిగులుతుందో లేదో తెలుస్తుంది. మీరు కింద రిసెప్షన్ దగ్గర ఉండి అమ్మాయిని పైకి పంపండి, మగవాళ్లను పైకి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. రానిచ్చారంటే ఆ హాస్టల్ వద్దు. పైన ఉన్న ఇద్దరు ముగ్గురు పిల్లల్ని మీ అమ్మాయి అడగాల్సినవి: ఎండాకాలం నీళ్లకు ఇబ్బంది వచ్చిందా, గీజర్ పనిచేస్తుందా, అల్మారాకు తాళం ఉందా, రాత్రి వార్డెన్ ఇక్కడే పడుకుంటుందా, వెళ్లిపోయిన ఫ్రెండ్స్‌కు అడ్వాన్స్ తిరిగి ఇచ్చారా. ఆఖరి ప్రశ్నకు వాళ్లు ఏం చెప్తారో జాగ్రత్తగా వినాలి. ఓనర్ మనిషి ఎలాంటివారో అక్కడే తెలుస్తుంది.

మెట్ల సంగతి మాత్రం మీరే చూడండి. ఇళ్లను హాస్టళ్లుగా మార్చినవి ఎక్కువ. ఒకే సన్నని మెట్లదారి, ఆ మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు, బాల్కనీలకు ఇనుప గ్రిల్స్, రాత్రి పదింటికి గేటుకు తాళం. నిప్పు అంటుకుంటే పైన ఉన్న పిల్లలు ఎటు పోవాలి? ఈ ప్రశ్నకు సమాధానం లేని బిల్డింగ్‌లో వంద రూపాయలు తక్కువైనా చేర్చకండి. వంటగది విడిగా ఉండాలి, టెర్రస్ మీదికి దారి ఉండాలి, రాత్రి గేటు తాళం చెవి లోపల ఉండే మనిషి దగ్గర ఉండాలి. సీసీ కెమెరా గేటు దగ్గర, వరండాలో ఉంటే మంచిదే.

డబ్బు కట్టే ముందు మాట్లాడుకోవాల్సినవి కొన్ని. అడ్వాన్స్ సాధారణంగా రెండు వేల దాకా అడుగుతారు, అందులో ఐదు వందలో వెయ్యో "మెయింటెనెన్స్" కింద పట్టుకుంటారు. అది ఇక్కడి మామూలు, కానీ ఎంతో ముందే చెప్పించుకోండి. ఒక నెల ఫీజు కంటే ఎక్కువ అడ్వాన్స్ అడిగే మామూలు హాస్టల్‌లో చేరకండి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. నచ్చకపోయినా, క్యాంపస్ హాస్టల్ సీటు వచ్చినా, ఆ డబ్బు తిరిగి రాదు. మీ అమ్మాయి విషయంలో క్యాంపస్ సీటు ఎప్పుడైనా రావచ్చు, కాబట్టి నెల నెలా కట్టే పద్ధతే మీకు కావాలి. నోటీసు పదిహేను రోజులా, నెలా అని అడగండి. నెల లెక్క చేరిన తేదీ నుంచా, ఒకటో తేదీ నుంచా అన్నది కూడా. ఇరవయ్యో తేదీన చేరి నెల మొత్తం కట్టి, మళ్లీ ఒకటిన ఇంకో నెల కట్టించుకుంటే అది నష్టమే. దసరా, సంక్రాంతి సెలవులకు డబ్బు తగ్గించరు, ఎవరూ తగ్గించరు. వేసవి సెలవుల్లో మాత్రం సామాను ఉంచుకుని సగమో, అంతకంటే తక్కువో తీసుకునేలా మాట్లాడుకోవచ్చు.

కొందరు బిల్లు ఇస్తామంటూ జీఎస్టీ కలుపుతున్నారు. నెలకు మనిషికి రూ.20,000 లోపు ఉండి, వరసగా కనీసం 90 రోజులు ఉండేవాళ్ల వసతికి 2024 జూలై నుంచి జీఎస్టీ లేదు. ఆ మాట మర్యాదగా చెప్పండి, చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది. డబ్బు యూపీఐలోనే కట్టండి, "అడ్వాన్స్" అని, "జూలై ఫీజు" అని అందులోనే రాయండి. రశీదు, గోడమీది రూల్స్ బోర్డు రెండింటికీ ఫొటో తీసుకోండి. ఐడీ కోసం ఆధార్ జిరాక్స్ ఇవ్వండి, మాస్క్‌డ్ ఆధార్ (నంబర్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించేది) అయితే ఇంకా మంచిది. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఒరిజినల్ ఆధార్ ఏ హాస్టల్‌కూ ఇవ్వకూడదు. ఫీజు బాకీ అని మెమోలు దగ్గర పెట్టుకున్న చోట్ల పిల్లలు ఎంత టెన్షన్ పడ్డారో చూశాను. పైగా జీరో టికెట్ కోసం ఆధార్ ఆమె బ్యాగులోనే ఉండాలి.

ముగ్గురు నలుగురు కలిసి గది అద్దెకు తీసుకోవడం గురించి కూడా అడిగారు. సింగిల్ బెడ్‌రూం తీసుకుని పంచుకుంటే, ఇంటి నుంచి బియ్యం, పచ్చళ్లు తెచ్చుకుంటే, కచ్చితంగా హాస్టల్ కంటే తక్కువ పడుతుంది. కానీ మొదటి ఏడాది వద్దు. తెలియని వాళ్లతో కలిసి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టి, వాళ్లలో ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఆ వాటా అద్దె మిగతావాళ్ల మీద పడుతుంది. రెండు నెలల అడ్వాన్స్, గిన్నెలు, స్టవ్, పరుపులు, అన్నీ ముందే కావాలి. రెండో ఏడాదికి ఆమెకే నమ్మకమైన స్నేహితులు ఉంటారు, అప్పుడు చూడండి. అప్పుడైనా పదకొండు నెలల అగ్రిమెంట్‌లో అందరి పేర్లూ రాయించండి, కరెంటు సబ్‌మీటర్‌కు యూనిట్ ఎంత తీసుకుంటారో అడగండి, గ్యాస్‌కు కనెక్షన్ అవసరం లేకుండా ఐడీ చూపిస్తే ఇచ్చే ఐదు కిలోల చిన్న సిలిండర్ సరిపోతుంది.

చేరిన మొదటి నెల ఆమె రోజూ ఫోన్ చేసి "బాగాలేదు, వచ్చేస్తా" అంటుంది. అది హాస్టల్ వల్లా, ఇంటి మీద బెంగ వల్లా అన్నది తేల్చుకోవాలి. అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా అని విడివిడిగా అడగండి. తిండి, నీళ్లు, భద్రత విషయంలో సమస్య అయితే నెల పూర్తికాగానే మార్చేయండి, అడ్వాన్స్‌లో వెయ్యి పోయినా ఫర్వాలేదు. దారిలో గానీ హాస్టల్ బయట గానీ ఎవరైనా వెంటపడితే 100కు ఫోన్ చేయొచ్చు, ఆడపిల్లల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు చెప్పొచ్చు. ఈ మాట చేరిన రోజే ఆమెకు చెప్పి ఉంచండి, ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారన్న భయంతో చాలామంది పిల్లలు దాచిపెడతారు.

మీరు కాలేజీలో రిపోర్ట్ చేయాల్సిన తేదీ, సంక్షేమ హాస్టల్ అర్హత ఉందో లేదో ఇక్కడ రాయండి. అర్హత ఉంటే ముందు ఆ దరఖాస్తు పని చూసుకుందాం. లేకపోతే రిపోర్టింగ్‌కు రెండు రోజుల ముందే రండి, వారం మధ్యలో అయితే మంచిది. ఆదివారం రాత్రి హాస్టళ్లలో స్పెషల్ వండుతారు, దాన్ని చూసి రోజూ తిండి అలాగే ఉంటుందనుకునే ప్రమాదం ఉంది.